గల్ఫ్‌లో పని చేయించే కంపెనీలకు: కార్మికుల నియమావళిని నిజంగా అమలు చేయడం ఎలా

ఖతార్‌లో ఒక నిర్మాణ సైట్‌కు మొదటిసారి ఆడిట్‌కి వెళ్లినప్పుడు నా ముందు పెట్టిన ఫైళ్లు చూస్తే ముచ్చటేసింది. ఒక్కో కార్మికుడి పేరున ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో ఒప్పందం, మెడికల్ రిపోర్టు, పాస్‌పోర్టు జిరాక్సు, అన్నిటికన్నా చివర ఒక కాగితం: "ఈ ఉద్యోగం కోసం నేను ఎవరికీ డబ్బు చెల్లించలేదు." కింద సంతకం. మూడొందల పైచిలుకు ఫోల్డర్లలోనూ అదే వాక్యం, అదే తేదీ, అదే నీలం సిరా.

ఆ రాత్రి క్యాంపు మెస్‌లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి పక్కన కూర్చున్నాను. రాడ్ బెండింగ్ పని. ఏజెంటుకు ఎంత కట్టావని అడగలేదు. "ఊళ్లో అప్పెంత ఉంది తమ్మీ?" అన్నాను. "లక్షా పది వేలు సార్. నూటికి మూడు రూపాయల మిత్తి. గిది రాసుకోకుండ్రి, ఏజెంటు మా నాయినను సతాయిస్తడు" అన్నాడు. చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి చూపించాడు. ఒక్కో పేజీకి ఒక నెల. పంపింది ఇంత, మిత్తి ఇంత, అసలు ఇంకా ఇంత.

లెక్క వేసి చూడండి. నెలకు 3,300 రూపాయలు మిత్తికే పోతుంది. తిండీ తిప్పలూ తగ్గించుకుని నెలకు 15,000 పంపినా ఆ అప్పు తీరేసరికి దాదాపు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ అతను ఎండలో పని ఆపమని అడగడు, ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు తక్కువొచ్చినా మాట్లాడడు, పాస్‌పోర్టు ఇవ్వమనడు. కంపెనీ రాసుకున్న నియమావళిలో మిగతా హక్కులన్నీ ఈ అప్పు కిందే నలిగిపోతాయి. అందుకే విదేశీ సైట్‌లో నియమావళి అమలు సైట్ గేటు దగ్గర మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అది కార్మికుడి ఊళ్లో, అప్పు చీటీ రాసే రోజున మొదలవ్వాలి. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, గల్ఫ్‌లో సైట్లు ఉన్న కంపెనీల హెచ్‌ఆర్, కంప్లయన్స్ (నిబంధనల అమలు చూసే) వాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఖతార్‌వి. మిగతా దేశాల్లో అంకెలు మారినా పని చేసే తీరు ఇదే.

1. ముందు ఏ రూలు వర్తిస్తుందో తేల్చుకోండి

మీ మీద ఒకేసారి మూడు రకాల నిబంధనలు ఉంటాయి: మన దేశపు చట్టం, పని జరిగే దేశపు చట్టం, క్లయింటు లేదా మీ సొంత బోర్డు ఒప్పుకున్న నియమావళి. ఇవి ఒకదానితో ఒకటి కలవవు. తగువంతా అక్కడే వస్తుంది.

రిక్రూట్‌మెంట్ ఫీజునే తీసుకోండి. మన 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి నుంచి 30,000 రూపాయల దాకా, పైన జీఎస్టీ కలిపి, సర్వీస్ చార్జీ తీసుకోవచ్చు. ఖతార్ కార్మిక చట్టం (2004 నాటి 14వ నంబరు) కార్మికుడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోవద్దంటుంది. యూఏఈ 2021 కార్మిక చట్టమూ అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఇచ్చిన నిర్వచనం ఇంకా ముందుకు వెళ్లింది. ఏజెంటు ఫీజుతో పాటు మెడికల్, వీసా, ట్రేడ్ టెస్టు (పనితనం పరీక్ష), టికెట్ వంటి ఖర్చులు కూడా కార్మికుడి మీద పడకూడదంటుంది. కాబట్టి "మన దేశంలో లీగలే కదండీ" అనే మాట మీ ఆఫీసులో చెల్లకూడదు. ప్రతి అంశానికీ మూడు నిబంధనలూ పక్కపక్కన రాసి, కార్మికుడికి ఎక్కువ రక్షణ ఇచ్చేదే మన రూలు అని ఒక్క వాక్యంలో తేల్చండి. ఈ పట్టిక ఒక పేజీ దాటకూడదు. దాటితే సైట్‌లో ఎవరూ చదవరు.

సొంత నియమావళి లేకపోతే కొత్తగా కనిపెట్టే పని లేదు. ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపారం, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు ఉన్నాయి. వలస కార్మికుల నియామకం గురించే 2012లో వచ్చిన ఢాకా సూత్రాలూ ఉన్నాయి. వాటి మీద కట్టుకుంటే చాలు.

ఈ దారిలో మనకంటే ముందు నడిచిన వాళ్ల అనుభవం ఒకటి ఎప్పుడూ గుర్తుంచుకుంటాను. వర్ణ వివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీల కోసం 1977లో రెవరెండ్ లియోన్ సల్లివన్ ఒక నియమావళి రాశారు. క్యాంటీన్లో, మరుగుదొడ్డిలో జాతి తేడా ఉండకూడదు, ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలి. కంపెనీలు సంతకాలు పెట్టాయి. ఏటా రిపోర్టులిచ్చాయి, వాటికి గ్రేడులూ వచ్చాయి. పదేళ్లు చూశాక, 1987లో, ఇది చాలలేదని, కంపెనీలు ఆ దేశం వదిలి రావాలని ఆయనే చెప్పారు. గ్రేడులు వస్తూనే ఉన్నాయి, ఫ్యాక్టరీ గోడ బయట అక్కడి కార్మికుడి బతుకు మారలేదు. మీ స్కోర్‌కార్డు చేతికొచ్చినప్పుడల్లా ఒకసారి ఆయన్ని తలచుకోండి.

2. బడ్జెట్‌లో డబ్బు పెట్టండి

ఇది చిన్న అడుగే, కానీ ఇక్కడే చాలా కంపెనీలు జారిపోతాయి. టెండరు వేసేటప్పుడే ఒక్కో కార్మికుడికి ఏజెంటు సర్వీస్ చార్జీ, మెడికల్, టికెట్, ఇన్సూరెన్స్, ట్రేడ్ టెస్టు కలిపి ఒక లైను ఐటెమ్ ఉండాలి. ఏజెంటుకు మీరు సున్నా ఇచ్చి "ఫ్రీ రిక్రూట్‌మెంట్" చెయ్యమంటే అతను ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడో మీకు తెలుసు. కంపెనీ మనిషే ఏజెంటు దగ్గర తలకింత అని కమిషన్ తీసుకునే చోట్లూ ఉన్నాయి. అందుకే కొనుగోళ్ల విభాగం ఖరారు చేసే ప్రతి మ్యాన్‌పవర్ రేటు మీద కంప్లయన్స్ వాళ్ల సంతకం తప్పనిసరి చేయండి. బోర్డులో ఒక డైరెక్టరు పేరు మీద ఈ బాధ్యత ఉండాలి. కమిటీ పేరు మీద ఉంటే ఎవరికీ లేనట్టే.

3. నియామకం: ఏజెంటు వెనక ఏజెంటు

మీరు ఒప్పందం చేసుకునేది హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఆఫీసు ఉన్న రిజిస్టర్డ్ ఏజెంటుతో. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లోనో, కడప, రాయచోటి వైపో, కోనసీమలోనో మనిషిని పట్టుకొచ్చేది సబ్ ఏజెంటు. అతనికి లైసెన్సు ఉండదు, ఆఫీసు ఉండదు. చాలాసార్లు అదే ఊరివాడు, గల్ఫ్ వెళ్లొచ్చినవాడు, వరసకు బావో మామో అవుతాడు. అందుకే రసీదు అడగరు, ఎవరికీ చెప్పరు.

ఏం చేయాలంటే:

ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో మీరే చూసుకోండి. అతను పంపిన జిరాక్సు చూసి సరిపెట్టుకోవద్దు. వీలైతే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారా మనుషుల్ని తీసుకోండి. అక్కడ గొలుసు పొట్టిగా ఉంటుంది.

ఏజెంటు ఒప్పందంలో మూడు షరతులు ఉండాలి: సబ్ ఏజెంట్లందరి పేర్లూ ముందే ఇవ్వాలి; కార్మికుడు కట్టినట్టు తేలితే ఆ మొత్తాన్ని ఏజెంటు బిల్లులోంచి కోస్తాం; అతని ఖాతాలు చూసే హక్కు మాకుంటుంది.

ఇంటర్వ్యూ జరిగే రోజున హాలు బయట తెలుగులో పెద్ద బోర్డు పెట్టించండి: "ఈ ఉద్యోగానికి ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి." కింద జీతం, పని, డ్యూటీ గంటలు. అదే మాట వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కూడా పంపండి. బోర్డు చదవని మనిషి కూడా వాయిస్ వింటాడు, ఇంట్లో వాళ్లకు వినిపిస్తాడు.

ఎంత ఖర్చయిందో మూడుసార్లు అడగండి: బయల్దేరే ముందు, దిగిన మొదటి వారంలో, మూడు నెలలయ్యాక. మొదటిసారి అందరూ ఏమీ కట్టలేదంటారు, ఎందుకంటే వీసా ఇంకా చేతికి రాలేదు. మూడోసారి నిజం వస్తుంది. ప్రశ్న అడిగే తీరులోనే అంతా ఉంది. "ఫీజు కట్టావా?" అంటే లేదనే జవాబొస్తుంది. "ఇంటి దగ్గర అప్పు ఎంత? ఎప్పుడు తెచ్చారు? దేనికి?" అని అడిగితే కథంతా బయటికొస్తుంది.

ఇక కట్టినట్టు తేలింది. తిరిగివ్వాలి. రసీదు ఏదని కార్మికుణ్ణి అడగకండి, అతని దగ్గర ఉండదు. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పనులు చూసిన సుప్రీం కమిటీ దీనికి ఒక దారి చూపించింది. కార్మికులు రుజువులు తేనక్కర్లేకుండా, కాంట్రాక్టర్లే వాళ్లకు రిక్రూట్‌మెంట్ డబ్బును నెలనెలా వాయిదాల్లో తిరిగిచ్చేలా పథకం పెట్టింది. అదే మీరూ చేయండి. ఒక దేశం నుంచి, ఒక ట్రేడ్‌లో మామూలుగా ఎంత కడుతున్నారో విచారించి ఒక మొత్తం ఖరారు చేసుకుని, జీతంతో పాటు వేరే లైనులో చూపించి ఇవ్వండి.

ఇంత ఖర్చెందుకని బోర్డులో ఎవరైనా అంటే అమెరికాలో జరిగింది చెప్పండి. 2005లో కత్రినా తుఫాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లు, పైప్‌ఫిట్టర్లను మిసిసిపి, టెక్సస్ యార్డులకు తెచ్చుకుంది. గ్రీన్‌కార్డు వస్తుందన్న మాట నమ్మి ఒక్కొక్కరు పదివేల డాలర్లు, అంతకుమించి కట్టి వచ్చారు. కిక్కిరిసిన గదుల్లో పెట్టి, ఆ వసతికి నెలకు వెయ్యి డాలర్లకు పైగా జీతంలోంచి కోశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ అయిదుగురికే 1 కోటీ 40 లక్షల డాలర్లు ఇవ్వమని తీర్పు చెప్పింది. అదే ఏడాది కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ డబ్బు వసూలు చేసింది ఏజెంట్లే, అయినా జ్యూరీ కంపెనీనీ వదల్లేదు.

4. ఒప్పందం తెలుగులో వినిపించండి

ఊళ్లో "స్టోర్ హెల్పర్, 1,500 రియాళ్లు" అని చెప్పి, దిగాక "లేబర్, 1,000" అని కొత్త కాగితం మీద సంతకం పెట్టించడం గల్ఫ్‌లో అందరికీ తెలిసిన మోసం. దీన్ని ఆపే పద్ధతి ఇది. ఆఫర్ లెటరు నుంచి చివరి ఒప్పందం దాకా ఒకే ఒప్పంద నంబరు ఉండాలి. మధ్యలో ఒక్క అంకె తగ్గినా సిస్టమ్ ఒప్పుకోకూడదు. ఖతార్ వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్లోనే మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం సంతకం అన్నీ జరుగుతాయి. కానీ అక్కడ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు మనిషికి టెన్షన్ ఉంటుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. అంతకు వారం ముందే తెలుగు ప్రతి చేతికివ్వండి, కూర్చోబెట్టి చదివి వినిపించండి. "నెలకు చేతికి ఎంతొస్తుంది? తిండి ఎవరిది? ఓటీ గంటకెంత? ఇంటికెప్పుడు రావచ్చు?" అని మీరే అడిగి, అతని నోటితో చెప్పించండి. తప్పు చెబితే మీరు సరిగ్గా వివరించలేదని అర్థం.

కనీస జీతం ఎంతో మీకు నోటికొచ్చి ఉండాలి. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300.

5. పాస్‌పోర్టు

ఒక సైట్‌లో క్యాంపు బాస్ గదిలో ఇనుప బీరువా ఉండేది. తాళం చెవి అతని మొలతాడుకు. "వాళ్లే దాచమని ఇచ్చారు సార్, పోతాయని భయం" అన్నాడు. అప్పటికప్పుడు ఒక అబ్బాయిని పిలిచి, ఇప్పుడు నీ పాస్‌పోర్టు తెచ్చుకో అన్నాను. అతను బీరువా వైపు కాదు, క్యాంపు బాస్ ముఖం వైపు చూశాడు.

కార్మికుడి పాస్‌పోర్టు కంపెనీ ఉంచుకోవడం చట్టరీత్యా తప్పు, ఖతార్‌లోనూ, యూఏఈలోనూ. మనిషికో చిన్న లాకరు, దాని తాళం చెవి అతని దగ్గరే. ఒక్కో లాకరుకు అయ్యే ఖర్చు కంపెనీకి ఒక లెక్కే కాదు. బతాకా (గుర్తింపు కార్డు) రెన్యువల్‌కో మరో పనికో పాస్‌పోర్టు తీసుకుంటే తేదీ వేసిన రసీదు ఇవ్వండి, అందులో తిరిగిచ్చే తేదీ కూడా రాయండి.

6. జీతం: బ్యాంకులో పడితే సరిపోదు

వేతన రక్షణ వ్యవస్థ యూఏఈలో 2009 నుంచి, ఖతార్‌లో 2015 నుంచి ఉంది. జీతం బ్యాంకు ద్వారానే వెయ్యాలి, ప్రభుత్వానికి కనిపిస్తుంది. ఇది మంచి మార్పు, కాదనను. కానీ ఆ సిస్టమ్‌కి జీతం పడిందా లేదా అనే తెలుస్తుంది. ఎన్ని గంటలు పని చేశాడో తెలియదు. ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర ఉందో లేదో అంతకన్నా తెలియదు.

అందుకే మూడు లెక్కలు పక్కపక్కన పెట్టండి: గేటు దగ్గర పంచింగ్ మెషిన్ సమయం, ఫోర్‌మన్ రాసిన టైమ్‌షీట్, జీతం స్లిప్పు. బస్సు ఎక్కిన సమయం కూడా చూడండి. ఉదయం నాలుగున్నరకు క్యాంపులో బయల్దేరి రాత్రి ఏడున్నరకు చేరిన మనిషి టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలే ఉంటే ఎక్కడో తేడా కొట్టింది. నెలకు ఇరవై పేర్లు లాటరీలా తీసి ఈ మూడూ సరిపోల్చడానికి ఒక మనిషికి ఒక రోజు పని. ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే ఆడిట్ నేను చూడలేదు.

కోతల దగ్గర కఠినంగా ఉండండి. హెల్మెట్ పోయిందని, బెడ్‌షీట్ అని, "అడ్మిన్" అని కోసే ప్రతి రియాల్‌నూ నిషేధించిన కోతల జాబితాలో పెట్టండి. స్లిప్పు తెలుగులో, హిందీలో, బెంగాలీలో, నేపాలీలో ఉండాలి. అదేమంత కష్టం కాదు, ఎక్సెల్‌లో హెడ్డింగులు మార్చడమే.

7. ఎండ, గది

ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. ఏడాదిలో ఎప్పుడైనా సరే, ఉక్కపోతా వేడీ కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ మీటరు 32.1 డిగ్రీలు దాటితే పని ఆపాలి. ఈ రెండో రూలునే అందరూ మర్చిపోతారు. మీటరు సైట్ ఆఫీసు ఏసీ గదిలో గోడకు తగిలించి ఉండటం నేను కళ్లారా చూశాను. రాడ్ కట్టే చోట, ఇనుము వేడి తగిలే చోట పెట్టండి. అంకె దాటినప్పుడు పని ఆపే అధికారం సేఫ్టీ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ప్రాజెక్టు మేనేజరును అడగనక్కర్లేకుండా. ఆగిన గంటలకు జీతం కోయకూడదు, ఆ గంటలను రాత్రి ఓటీ లేని డ్యూటీగా తిరిగి లాగకూడదు.

వసతికి ఖతార్ రూలు గదికి నలుగురు, మనిషికి కనీసం ఆరు చదరపు మీటర్లు, ఒకదాని మీద ఒకటి వేసే మంచాలు కుదరవు. తనిఖీకి రాత్రి పది గంటలకు వెళ్లండి. పగలు వెళితే మంచాలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు.

8. సబ్‌కాంట్రాక్టరు, సప్లై మనుషులు

మీ సొంత కార్మికుల విషయంలో అన్నీ సరిగ్గా ఉండి, అదే స్లాబు మీద పనిచేసే సప్లై కంపెనీ (మీకు మనుషుల్ని అద్దెకిచ్చే కంపెనీ) మనుషులకు మూడు నెలలుగా జీతం రాకపోవచ్చు. హెల్మెట్ రంగు తప్ప తేడా తెలియదు. వాళ్ల జీతం పడినట్టు బ్యాంకు ఫైలు చూపిస్తేనే సప్లయరు బిల్లు పాస్ చేయండి. మీరు సప్లయరుకు నలభై అయిదు రోజులకో అరవై రోజులకో డబ్బిస్తూ, అతను మాత్రం నెలకు నెల జీతాలివ్వాలంటే కుదరదు. అక్కడ తప్పు మీది కూడా.

9. ఫిర్యాదు చెప్పుకునే దారి

ఫిర్యాదుల పెట్టె గోడకు తగిలించి, ఏడాదికి ఒక్క చీటీ రాలేదని సంతోషపడకండి. ఖతార్‌లో 2019 నుంచి, 30 మంది, అంతకుమించి ఉన్న కంపెనీల్లో కార్మికులు తమ ప్రతినిధులను ఎన్నుకుని యాజమాన్యంతో కలిసి సంయుక్త కమిటీ పెట్టుకునే వీలుంది. ఎన్నిక నిజంగా జరపండి, ఫోర్‌మన్లను నిలబెట్టకుండా. ప్రతి భాషకూ ఒక మనిషి ఉండేలా చూడండి. దాంతో పాటు హైదరాబాద్‌లో ఒక తెలుగు ఫోన్ నంబరు పెట్టండి. దానికి కార్మికుడే కాదు, భార్య కూడా ఫోన్ చేయొచ్చని చెప్పండి. నాకు అందిన పనికొచ్చే ఫిర్యాదుల్లో సగం ఇళ్ల నుంచే వచ్చాయి. "అన్నా, రెండు నెలలైంది పైసలు రాక, ఆయన అడిగితే ఏం చెప్తలేడు" అని.

ఇంకో సంగతి. 2020లో ఖతార్ చట్టం మారాక కార్మికుడు పాత యజమాని ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండానే ఉద్యోగం మారొచ్చు. వెళ్తానన్న మనిషి మీద "పారిపోయాడు" అని తప్పుడు కేసు పెట్టడం పగ తీర్చుకునే పాత అలవాటు. ఆ ఒక్క కేసుతో మనిషి ఖల్లివల్లి అయిపోతాడు, కాగితాలు లేనివాడవుతాడు. పారిపోయాడని రిపోర్టు పెట్టే అధికారం సైట్ నుంచి తీసేసి, హెడ్డాఫీసు కంప్లయన్స్ సంతకం ఉంటేనే కదిలేలా చేయండి.

10. రిపోర్టులో మీ లోపాలు దాచకుండా రాయండి

మన దేశంలో మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి బాధ్యతాయుత వ్యాపార రిపోర్టు ఇవ్వాలి. ఉద్యోగుల సంక్షేమం, మానవ హక్కుల గురించి అందులో విడి భాగాలే ఉన్నాయి. బ్రిటన్‌లో వ్యాపారముండి టర్నోవరు 3.6 కోట్ల పౌండ్లు, అంతకుమించి ఉంటే 2015 ఆధునిక బానిసత్వ చట్టం కింద ఏటా ప్రకటన ఇవ్వాలి. వీటిలో "ఫిర్యాదులు: సున్నా" అని రాసే కంపెనీని నేను నమ్మను. ఎంతమంది డబ్బు కట్టినట్టు తేలింది, ఎంత తిరిగిచ్చాం, ఇంకా ఎంతమందికి ఇవ్వాలి అని రాసిన కంపెనీని నమ్ముతాను.

11. ఇంటికి పంపే రోజు

చాలా నియమావళులు ఇక్కడికి రాకుండానే ఆగిపోతాయి. ఏడాది నిండిన కార్మికుడికి ఖతార్‌లో ఏటా కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. మిగిలిన సెలవుల డబ్బు, టికెట్ కూడా. ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సులో సంతకం పెట్టించి, డబ్బు తర్వాత వేస్తామనడం కుదరదని రాయండి. లెక్క పది రోజుల ముందే తెలుగులో ఇవ్వాలి. ఖాతాలో పడ్డాకే ఎగ్జిట్.

మరణం సంభవిస్తే మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు, చివరి జీతం, గ్రాట్యుటీ కంపెనీ బాధ్యత. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల కవర్ ఉంటుంది. ఆ పాలసీ కాపీ కుటుంబం దగ్గర ఉండదు, కార్మికుడి పెట్టెలోనే ఉండిపోతుంది. అందుకే మనిషి బయల్దేరే రోజునే పాలసీ, ఒప్పందం, కంపెనీ ఫోన్ నంబరు మూడూ ఇంట్లోవాళ్ల ఫోన్‌కు వాట్సాప్‌లో పంపి, అందిందని వాళ్ల నోటి నుంచి వినండి.

ఆ రాడ్ బెండింగ్ కుర్రాడి లక్షా పది వేలు పన్నెండు వాయిదాల్లో తిరిగి ఇప్పించగలిగాం. ఏజెంటు బిల్లులోంచే కోశాం. మూడో వాయిదా పడిన నెల అతను డైరీ తెచ్చి చూపించాడు. "కంపెనీ" అని కొత్త గడి గీసుకున్నాడు.